చెయ్యి ఎక్కిన కారు

"చెయ్యి చూడండి సార్, ఏ ప్లస్," అన్నాడు సుహాస్ అనే ఆ సేల్సు కుర్రాడు, కారు లోపల తెర మీద వెలిగిన అక్షరాలు చూపిస్తూ. "ఇరవై ఏళ్లకు పైగా లారీ, బస్సు నడిపిన డ్రైవరు చెయ్యి. ఘాట్ రోడ్డు వచ్చు. వానలో నడక వచ్చు. సంత రోజు రద్దీలో కూడా ఎవడికీ తగలకుండా దారి చేసుకుని వెళ్లిపోద్ది. ఇట్టాంటి చెయ్యి మాకు ఏడాదికి ఒకటో రెండో వస్తాయండి, అంతే."

నేను తలూపాను. అన్నేళ్లు స్టీరింగు పట్టుకుంటే ఒక్క ఓనరూ నా గురించి ఇంత మాట అనలేదు. ఇస్త్రీ నలగని చొక్కా వేసుకున్న ఈ కుర్రాడు నా ఎదురుగా నిలబడి నన్నే పొగుడుతున్నాడు. ఆ డ్రైవరు నేనేనని తెలియక పొగుడుతున్నాడు. తెలిస్తే పొగడడు, ధర పెంచుతాడు.

నా పక్కన నా భార్య నాంచారమ్మ కారు తలుపు మీద వేలితో రాస్తోంది.

"ఈ గీత ఏంటి బాబూ?"

"అది మీ గాజుదేనండీ. ఇప్పుడే పడింది."

"నా గాజుకే గీత పడిందంటే ఏం రంగు వేశారయ్యా దీనికి?" అంది ఆమె, ఏమాత్రం తొణక్కుండా.

ఇప్పుడు ఏ కారైనా తనంతట తానే పోతుంది. కానీ ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజున దానికి తెల్లగీత పట్టుకుని పోవడం తప్ప ఇంకేమీ రాదు. మన దగ్గర తెల్లగీత ఎక్కడుంది? గేదె అడ్డొస్తే ముందునుంచి తప్పించాలా వెనకనుంచి తప్పించాలా, పెళ్లి ఊరేగింపు వస్తుంటే ఆగాలా పక్కకు జరగాలా, అదంతా ఎవరో ఒక మనిషి నేర్పాలి. ఒక డ్రైవరు కొన్నాళ్లు దాన్ని నడిపి తన నడకంతా దానికి ఎక్కిస్తాడు. దాన్నే చెయ్యి ఎక్కడం అంటారు. అందుకే కొత్త కారు కన్నా, మంచి చెయ్యి ఎక్కి నాలుగు నెలలు తిరిగిన కారుకు ఎక్కువ ధర. ఈ కారు మీద బోర్డు తొమ్మిది లక్షల నలభై వేలు. మా దగ్గర ఉన్నది ఎనిమిదిన్నర. అందులోనూ సింహభాగం, నా చెయ్యి పోయినందుకు కంపెనీ పడేసిన పరిహారం.

వాళ్లిచ్చిన డబ్బుతోనే, వాళ్లు తీసుకున్న నా చెయ్యిని, మధ్యలో ఇంకొకడి దగ్గర నేను కొనుక్కోవాలి. లోకం ఇలాగే ఉంటుంది. ఏడో తరగతితో బడి మానేసినా ఆ సంగతి నాకు బాగా అర్థమైంది.

నందిగామ అవతల ఆ కార్ల కంపెనీకి కంచె వేసిన పెద్ద మైదానం ఉండేది. లోపల రోడ్లు, గతుకులు, ఉత్తుత్తి స్పీడు బ్రేకర్లు, ఒక చోట కావాలని వదిలిన బురద. కార్లకు చెయ్యి ఎక్కించే పనికి రోజూ పొద్దున్నే వెళ్లేవాణ్ణి. రెండు మణికట్లకూ, మెడ వెనకా మెత్తటి పట్టీలు కట్టేవాళ్లు.

"మీరేం ఆలోచించకండి పిచ్చేశ్వరరావు గారూ. రోజూ ఎలా నడుపుతారో అలాగే నడపండి," అనేది డాక్టర్ మృదుల. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు, నరాల మీద పెద్ద చదువు చదివిన మనిషి. ఆ పట్టీలు ఆవిడ తయారుచేసినవే.

నడిపేవాణ్ణి. నేను బ్రేకు తొక్కాలని నా ఒంటికి తోచగానే, ఆ సంగతి కాలికి చేరేలోపే పట్టీ దాన్ని పట్టుకుని కారుకు అందించేది. సరిగ్గా పట్టిందో లేదో చూసుకోవడానికి ఒక చిన్న చురుకు తిరిగి నా నరంలోకి పంపేది. చీమ కుట్టినట్టుండేది. జీతం బాగుంది. భోజనం వాళ్లదే. చీమ కుడితే ఏమైందిలే అనుకున్నాను.

మొదటి కారు, రెండో కారు, మూడో కారు అయ్యాయి. నాలుగోది కూడా పూర్తి కావస్తున్న రోజుల్లో కంచె సందులోంచి ఒక కుక్క మైదానంలోకి దూరి నా ముందు నుంచి పరిగెత్తింది. కారు ఆగింది. అద్దాల గది లోంచి చూస్తున్న కంపెనీవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"ఎంత బాగా ఆపారో!" అంది మృదుల దగ్గరికొచ్చి.

"నేను ఆపలేదండి," అన్నాను. "నా కాలు ఉన్నచోటే ఉంది. ఆపాలని కూడా నాకు తోచలేదు."

ఆవిడ మొహం మారింది. చప్పట్లు కొట్టేవాళ్లను ఆగమని చెయ్యి ఊపింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, కిరాణా తెద్దామని మా తమ్ముడి ఆటో తీశాను. పుట్టి బుద్ధెరిగాక ఎన్నిసార్లు తిరిగానో తెలియని మా వీధి మలుపు. చేతులు హ్యాండిల్ మీదే ఉన్నాయి, బలంగానే ఉన్నాయి, కానీ వాటికి ఏం చేయాలో తెలియలేదు. ఆటో నేరుగా పోయి కిరాణా కొట్టు అరుగెక్కింది. కొట్టాయన సూరిబాబు లోపల్నించి చూసి, "సరుకులు నేనే తెచ్చిచ్చేవాణ్ణిగా, లోపలికే రావాలా?" అన్నాడు. జనం నవ్వారు. నేనూ నవ్వాను. తాగానని అనుకున్నారు. అనుకోనిచ్చాను.

అన్నం కలుపుకోగలను, చొక్కా గుండీ పెట్టుకోగలను. బండి ఎక్కితే మాత్రం నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడిలా అయిపోతాను. ప్రతిదీ ఆలోచించి చేయాలి. రోడ్డు మీద ఆలోచించుకునేదాకా ఎవడు ఆగుతాడు?

కంపెనీవాళ్లు పెద్ద గదిలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. ఆ చురుకులే నా నడకను నరాల్లోంచి తుడిచేశాయని ఒప్పుకున్నారు. అందరికీ ఇలా కాలేదన్నారు. నా వయసు కూడా ఒక కారణం కావచ్చన్నారు. పరిహారం ఇచ్చి, నా లైసెన్సు ఆఫీసులో అప్పగించేయమన్నారు. మృదుల ఒక్కతే తల వంచుకుని కూర్చుంది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆవిడ కూడా అక్కడ మానేసిందని తెలిసింది. నేను గొల్లపూడిలో ఒక మిర్చి గోడౌను దగ్గర కాపలాకి చేరాను. కుర్చీలో కూర్చుని, వచ్చే లారీలూ పోయే లారీలూ చూడటం నా పని. అంతకన్నా పెద్ద శిక్ష ఏ జడ్జీ వేయలేడు.

మృదుల ఫోను చేసింది మొన్న వేసవి మొదట్లో.

"మీ చెయ్యి ఉన్న కార్లలో మూడు ఏడాది పైన తిరిగాయండి. కొన్నవాళ్లు వాడేకొద్దీ వాళ్ల అలవాట్లు కలిసిపోతాయి. అవిక మీవి కావు. కానీ నాలుగోది ఈ మధ్యే అమ్మారు, నాలుగు నెలలకే తిరిగొచ్చింది. విజయవాడలో అమ్మకానికి పెట్టారు. మీ చెయ్యికి వేసిన నంబరు గుర్తుపట్టాను. అందులో ఇంకా మీరే ఉన్నారు."

"ఉంటే?"

"అది నడుస్తుంటే స్టీరింగు మీద చేతులు, పెడల్ మీద కాళ్లు పెట్టుకుని కూర్చోండి. రోజూ. అది కదిలినట్టు మీరు కదలండి. కొన్ని వారాల్లో మీ నరం దాన్ని గుర్తుపడుతుంది. ఇంకో ఇద్దరి విషయంలో పనిచేసింది. అందుకే చెబుతున్నాను. కాకపోతే అది మీ సొంత కారై ఉండాలి. అద్దెకిచ్చే కార్ల మీద అందరి అలవాట్లూ పడతాయి."

పిల్లల బస్సుకు మాత్రం మనిషి డ్రైవరే ఉండాలని తల్లిదండ్రులు పట్టుబట్టబట్టి ఇంకా కాసిని ఉద్యోగాలు మిగిలాయి. మా పేట కాన్వెంటు వాళ్లు నాకు తెలిసినవాళ్లే. లైసెన్సు పరీక్ష మళ్లీ నెగ్గితే బడులు తెరిచేసరికి బస్సు ఇస్తామన్నారు. ఆ మాట చెప్పినప్పటి నుంచీ నేను సరిగా నిద్రపోలేదు.

"కొందాం," అంది నాంచారమ్మ.

"అంత పోసి కొన్నాక రాకపోతే?"

"రాకపోతే అమ్ముదాం. నువ్వు మాత్రం ఆ షోరూములో నోరెత్తమాక. నచ్చినట్టు మొహం పెట్టావంటే నీ సంగతి చెప్తా. బేరం నాది."

బేరం ఆమె పని. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లు ఇస్తూ వీధి వీధి తిరిగే మనిషి. ఎదుటివాళ్లు ఎంత మంచి చీర ఇచ్చినా ఎండకెత్తి పట్టుకుంటుంది. పట్టుకుంటే ఎక్కడో ఒక చిరుగు కనపడాల్సిందే. కనపడగానే "అయ్యో, ఇదిగో," అంటుంది, ఎంతో బాధపడినట్టు. అప్పుడు బిందె ఇవ్వాల్సినచోట గిన్నె ఇస్తుంది. నాకు పనిలేని రోజుల్లో ఇల్లు గడిపింది ఆ గిన్నెకూ బిందెకూ మధ్య తేడాయే.

"ఏడు," అంది ఇప్పుడు సుహాస్‌తో.

"ఏడేంటమ్మా?"

"లక్షలయ్యా. వేలంటే ఇస్తావా?"

సుహాస్ నవ్వాడు. "ఏడుకి చెయ్యి లేని కారు కూడా రాదండి."

"లేకుండానే ఇవ్వు. మా ఆయనకి రెండున్నాయి."

నేను కిటికీ వైపు తిరిగాను.

"ముందు ఒకసారి తిరిగి రండమ్మా, తర్వాత మీరే మాట్లాడతారు," అన్నాడు సుహాస్. నేను డ్రైవరు సీట్లో కూర్చున్నాను, నాంచారమ్మ నా ఎడమ పక్కన. అతను వెనక కూర్చుని, "నిడమానూరు దాకా వెళ్లి రా," అని కారుకు చెప్పాడు.

కదిలింది.

స్టీరింగు మీద చేతులు ఆనించాను. అది తిరుగుతుంటే నా అరచేతుల కింద ఏదో తెలిసింది. ఎలా చెప్పాలో నాకు రాదు. అద్దంలో చూసుకుంటే మొహం కనపడుతుంది కదా, అలాగ అరచేతికి తెలిసింది. గతుకు రాకముందే కాస్త వదిలి, గతుకు దాటాక అందుకోవడం. ముందు లారీ వెనక సగం బండి పక్కకు జరిగి అవతలేముందో తొంగి చూసుకోవడం. ఇవన్నీ నేనే. మొహం మాత్రం గోడౌను ముందు కూర్చున్నట్టే పెట్టుకున్నాను.

"హారనేదీ? కొట్టదేం?" అంది నాంచారమ్మ.

"అవసరమైతే కొడుతుందండి."

"వాడెవడో మీద పడుతుంటే అవసరం కాదా? నోట్లో నాలిక లేని మనిషి చెయ్యయ్యా ఇది. ఎవడికి పడితే వాడికి దారిస్తన్నాడు. ఇట్టాంటోడు జన్మలో ముందుకు పోడు."

"అది మర్యాదండీ. ఓర్పుకి తొంభై ఆరు మార్కులు, తెర మీద ఉంది చూడండి."

"ఓర్పా? వాళ్లావిణ్ణి అడుగు ఎంతుందో!"

సుహాస్ పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాల్సొచ్చింది. "ఆ మలుపులో చూడు, తిరగాలా వద్దా అని తటపటాయిస్తన్నాడు," అంది మళ్లీ. "ఏదీ గట్టిగా తేల్చుకోలేని రకం. వాణ్ణి కట్టుకున్నది ఎట్టా వేగుతుందో."

ఆమె బేరం కోసమే అంటోంది. కానీ ఒక్క మాటా కల్పించి అనడం లేదు. పాతికేళ్ల కాపురంలో నాకు ఎదురుగా ఇన్ని మాటలు ఎప్పుడూ అనలేదు. మూడో మనిషి ముందు, ఆ డ్రైవరు నేను కాదన్నట్టు కూర్చున్నప్పుడు, ఎంత తేలిగ్గా వచ్చేస్తున్నాయో.

సర్వీసు రోడ్డులోకి దిగాక, గడ్డి వేసుకున్న ట్రాక్టరు ఒకటి పక్క సందులోంచి చూసుకోకుండా వచ్చేసింది.

కారు బ్రేకు వేసింది. అయితే బ్రేకు పడటానికి ఒక్క రవ్వ ముందు, నాంచారమ్మ సీటు బెల్టు గట్టిగా బిగిసి ఆమెను వెనక్కి లాగి సీటుకు అదిమి పట్టుకుంది. నా బెల్టు కదలలేదు. ట్రాక్టరు పోయింది. బెల్టు వదులైంది. కారు మళ్లీ బయల్దేరింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. నాంచారమ్మకు అయింది. ఆమె నా ఎడమ చెయ్యి వైపు చూసింది, తర్వాత రోడ్డు వైపు తిరిగింది. హారన్ గురించి గానీ, ఓర్పు గురించి గానీ ఇక మాట్లాడలేదు.

పెళ్లయిన కొత్తలో ఆమె నాతో లారీలో బందరు నుంచి హైదరాబాదు దాకా వచ్చేది. క్యాబిన్‌లో బెల్టులెక్కడివి? బ్రేకు వేయాల్సి వస్తే నా ఎడమ చెయ్యి గేరు రాడ్డు వదిలి ఆమెకు అడ్డంగా పోయేది. పోతుందని నాకు తెలిసేది కాదు. "దుడ్డుకర్రతో కొట్టినట్టుంటదయ్యా నీ చెయ్యి," అని రాత్రి భుజం రుద్దుకుంటూ తిట్టేది ఆమె. తర్వాత్తర్వాత తిట్టడం మానేసింది. మైదానంలో నేను ఒక్కణ్ణే నడిపినా, ఆ చెయ్యి ఖాళీ సీటుకు అడ్డంగా పోయే ఉంటుంది. కారుకు చెయ్యి లేదు. అందుకని బెల్టును వెతుక్కుంది.

షోరూము ఆవరణలో దిగాం.

"అదొక్కటీ చిన్న అలవాటండి," అన్నాడు సుహాస్, అడక్కుండానే, మెడ రుద్దుకుంటూ. "పక్క సీటు బెల్టు. ప్రమాదమేం లేదు. కొందరికి నచ్చదు, అంతే."

నాంచారమ్మ తల గబుక్కున లేచింది. నాకు ఆ చూపు తెలుసు. చీర ఎండకెత్తినప్పటి చూపు.

"అయ్యో," అంది. "ఇందుకా నాలుగు నెలలకే వెనక్కిచ్చేశారు?"

కుర్రాడు షోరూము వైపు చూశాడు.

"చెప్పు బాబూ. గుడివాడో గన్నవరమో, కొన్నోళ్లు ఊరికే ఇస్తారా? ఎవరికి తగిలింది?"

"ఓనరు గారి అమ్మగారండి. పెద్దావిడ. కాస్త భయపడ్డారు."

"భయమా? నాకు గుండె ఆగిపోయింది ఇప్పుడు! ఇదిగో ఇక్కడ కమిలింది చూడు. ఇంత తప్పున్న చెయ్యిని ఏ ప్లస్ అని అంటగడతన్నారా? పిలువు మీ మేనేజర్ని."

నాకు తెలుసు, ఆ మాటలు ఆలోచించి అన్నవి కావు. చిరుగు కనపడింది, నోరు తెరుచుకుంది. పాతికేళ్లుగా అదే కూడు పెట్టిన అలవాటు. నా చెయ్యి అడ్డంగా పోయినట్టే ఆమె నోరూ పోయింది.

మేనేజరు రవిచంద్ర వచ్చాడు. నెమ్మదైన మనిషి, మర్యాదగా నమస్కారం పెట్టాడు. నాంచారమ్మ పావు గంట ఆయన్ని వదల్లేదు. ఒకసారి గేటు దాకా వెళ్లిపోయింది కూడా. నేను వెనకే వెళ్లాను, ఆమె చెప్పినట్టే తల వేలాడేసుకుని. ఆయనే వెనక్కి పిలిచాడు.

"సరేనమ్మా. మీరు లోపం పట్టుకున్నారు కాబట్టి దాయను. ఎనిమిదిన్నరకు ఇచ్చేస్తా."

ఆమె నా వైపు చూడకుండానే నా కాలు తొక్కింది. అంటే గెలిచామని.

"సుహాస్, ఆ బెల్టు అలవాటు తీసేసి డెలివరీ పెట్టు," అన్నాడు రవిచంద్ర.

"తీసేసేదేంటి?" అంది నాంచారమ్మ.

"అదేనమ్మా, మీరు చెప్పిన లోపం. పది నిమిషాల పని."

"అక్కర్లేదులే. మేం సర్దుకుంటాం. అట్టాగే ఇచ్చెయ్యండి."

ఆయన నవ్వాడు. "అట్టా కుదరదమ్మా. చేతిలోంచి ఒక్క అలవాటు కోసినా ఏ ప్లస్ పోయి ఏ అవుద్ది. గ్రేడు తగ్గితేనే నేను ఎనిమిదిన్నరకు ఇవ్వగలిగేది. కొయ్యకపోతే అది ఏ ప్లస్సే, తొమ్మిది నలభయ్యే. పైగా మీరు లోపమని నోటితో చెప్పాక, కమిలిందని చూపించాక, తీయకుండా ఇచ్చి రేపు మీకేమన్నా అయితే? నా ఉద్యోగం పోద్ది. మీరే చెప్పండి. అది లోపమా, కాదా? కాదంటే పాత ధర. సాయంత్రం కంకిపాడు నుంచి ఒకాయన వస్తున్నాడు, ఆయనకి బెల్టుతో పట్టింపు లేదంట."

నాంచారమ్మ కారు పక్క సీటు వైపు చూసింది.

"మా ఆయనతో ఒక మాట మాట్లాడొస్తా," అంది చివరికి.

కార్లు కడిగే రేకుల షెడ్డు నీడలో నిలబడ్డాం. కింద నీళ్లు పారుతున్నాయి. ఆమె చెప్పులు తడుస్తున్నా జరగలేదు.

"నేనే చెడగొట్టా," అంది.

"నువ్వు లేకపోతే అసలు ఎనిమిదిన్నరకి వచ్చేదే కాదు."

"ఇంకో తొంభై ఎక్కడన్నా పుడుతుందేమో చూద్దామా?"

ఎక్కడా పుట్టదని ఇద్దరికీ తెలుసు. ఉన్న గొలుసు ముందే ఇందులో కలిసింది. తమ్ముడి దగ్గర తీసుకున్నదీ కలిసింది. నేను మృదులకు ఫోను చేశాను. ఏం జరిగిందో చెప్పాను.

"అదొక్కటి తీస్తే మిగతావి చెడవండి," అంది ఆవిడ. "మీరు బస్సు నడపడానికి ఏ అడ్డమూ ఉండదు. కానీ తీసింది మాత్రం మళ్లీ రాదు. కారులో లేనిదాన్ని మీ చెయ్యి ఎక్కడినుంచి తెచ్చుకుంటుంది?"

"మనసులో పెట్టుకుని చేస్తే?"

"చేయొచ్చు. కాకపోతే మనసు కాస్త ఆలస్యంగా వస్తుందండి ఎప్పుడూ."

ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆవిడ చెప్పింది నాంచారమ్మకు చెప్పాను, చివరి మాట తప్ప.

"వద్దంటే చెప్పు," అన్నాను. "గోడౌను ఎక్కడికీ పోలేదు."

"ఆ కుర్చీలో నిన్ను ఇంకో ఏడాది చూస్తే నేనే పోతా," అంది. "బస్సులో నీ పక్కన ఎవరూ కూర్చోరుగా?"

"డ్రైవరు పక్కన పిల్లల్ని కూర్చోనివ్వరు."

"మరింకేం." పైట చెంగుతో మొహం తుడుచుకుంది. చెమటో ఇంకేమిటో నేను చూడలేదు. "నాకు బెల్టుందిగా. అందరికీ పనిచేసినట్టే నాకూ పనిచేస్తది."

నేను వద్దు అని ఉండొచ్చు. ఆమె ఒక క్షణం ఆగింది కూడా, అంటానేమోనని. నా కళ్ల ముందు కాన్వెంటు బస్సు ఉంది. పసుపు రంగు, పెద్ద స్టీరింగు. నేనేమీ అనలేదు.

లోపలికి వెళ్లి ఆమె మేనేజరు ఎదురుగా నిలబడింది.

"లోపమేనండి. తీసెయ్యండి," అంది.

సుహాస్ తెర మీద వేలితో ఏదో జరిపాడు. ఒక గీత ఎర్రగా వెలిగింది, తర్వాత లేకుండా పోయింది. ఏ ప్లస్ పక్కన ప్లస్ పోయింది. నాకు ఎక్కడా నొప్పి పుట్టలేదు. పుడుతుందేమోనని ఎందుకో చూసుకున్నాను.

"కంగ్రాచ్యులేషన్స్ సార్," అని కుర్రాడు స్వీటు పెట్టెతో పాటు తాళం నా చేతిలో పెట్టి ఫొటో తీశాడు. ఆ ఫొటోలో నాంచారమ్మ నవ్వుతూనే ఉంది. బేరం నెగ్గినవాళ్లు నవ్వాలి కదా.

మృదుల చెప్పింది నిజమే. వేసవంతా పొద్దున్నా సాయంత్రమూ ఆ కారులో కూర్చుని, అది కదిలినట్టు కదిలాను. మొదట స్టీరింగు వచ్చింది. తర్వాత బ్రేకు. ఒక రోజు గతుకు దగ్గర నా పాదం కారు కన్నా ముందే లేచింది. ఆ రోజు కాలువ కట్ట మీద బండి ఆపి చాలాసేపు దిగలేదు. లైసెన్సు పరీక్షలో ఇనస్పెక్టరు, "ఇంతకు ముందు నడిపేవాడివా?" అని అడిగాడు. "నడిపేవాణ్ణి," అన్నాను. బడులు తెరిచిన రోజున పసుపు బస్సు నేనే తీశాను. పిల్లలు వెనక గోల. అంతకన్నా మంచి చప్పుడు ఈ భూమ్మీద లేదు.

ఆ తర్వాత ఒక ఆదివారం నాంచారమ్మను పెడనలో వాళ్లక్క ఇంటికి తీసుకెళ్తూ, కారుకు చెప్పకుండా నేనే నడిపాను. ఆమె కూడా, "నువ్వే నడుపు, చూద్దాం," అంది. గూడూరు దగ్గర చేపల పెట్టెలు కట్టుకున్న బండి ఒకటి ముందుకు దూసుకొచ్చింది. బ్రేకు తొక్కాను. సరిగ్గా తొక్కాను. కారు గీత గీసినట్టు ఆగింది. నా రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి.

ఎడమ చెయ్యి చాపాలని తోచింది. తోచి, స్టీరింగు వదిలి, అటు తిరిగేసరికి అంతా అయిపోయింది. ఆమె ముందుకు ఊగి ఆగి ఉంది. అరచెయ్యి డాష్‌బోర్డుకు గట్టిగా ఆనించుకుని ఉంది. ఎప్పుడు నేర్చుకుందో.

ఆలస్యంగా చాచిన నా చెయ్యి మా మధ్య గాల్లో ఉండిపోయింది. ఆమె దాన్ని చూసింది.

"పోనివ్వు, వెనకోళ్లు హారన్ కొడతన్నారు," అంది.